పథ్యం లేని మందు

మాఘ శుద్ధ పాడ్యమి

వైద్యపడవ వాళ్లు ఈ పెట్టెను నా మెడలో వేసి, రోజూ దీంతో మాట్లాడమన్నారు. రోగికి తోడున్న మనిషి ఏం వండింది, ఏం చూసింది, రోగి ఎలా ఉంది, అంతా చెప్పాలట. పడవ మా తెప్పల దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాటలన్నీ దానికి చేరతాయట. నేను ఎలా మాట్లాడినా ఇది పుస్తకాల భాషలోకి దిద్ది రాసుకుంటుందని చెప్పారు. దిద్దుకుంటే దిద్దుకోండి గానీ నా తిట్ల జోలికి మాత్రం రావద్దన్నాను. డాక్టరమ్మ నవ్వింది.

నా పేరు అమ్మాజీ. రోగి పేరు లోవకుమారి, నా తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ ఒకే తుఫానులో, తెగిన మోకు అందుకోబోయి, ఒకేసారి నీళ్లలో కలిసిపోయారు. అప్పటినుంచీ ఈ తెప్ప మీద నేనూ, అదే. ఒకటే పొయ్యి, రెండు నోళ్లు. మా పోట్లాట వినడానికి పక్క తెప్పలవాళ్లు పని మానుకుని మరీ నిలబడేవారు. ఒక వానాకాలమంతా మేం మాట్లాడుకోలేదు. ఏది కావాలన్నా పిల్లికి చెప్పేవాళ్లం, రెండోవాళ్లు వినేవారు.

ఇప్పుడు దానికి పెద్దపేగులో కాన్సరు. ఈ మాట నోటితో అనడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

ఇవాళ మొదటి మోతాదు మందు తాగింది, పౌర్ణమి దాకా రోజూ ఒకటి తాగాలి. చిన్న గిన్నెడు, బీట్‌రూట్ రసంలా ఎర్రగా ఉంది. అందులో ఉన్నవి బంగారపు నలుసులట, కంటికి ఆననంత సన్నవి. డాక్టరమ్మ పేరు ప్రవల్లిక, చిన్నపిల్ల, ఓపిక మాత్రం పెద్దది. మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఒక్కో నలుసులో మందుంటదండి, చుట్టూ తొడుగుంటది. పొట్టలో ఆ తొడుగు కరగదు. పెద్దపేగులో కాపురముండే సూక్ష్మజీవులు కొరికితేనే విచ్చుకుని మందు బయటికొస్తది. లోవగారి పేగులో ఏవేం ఉన్నాయో చూసి, వాటికి సరిపడా తొడుగు చేయించాం. మీరు తినేదే తిని అవి బతుకుతాయి. కాబట్టి పౌర్ణమి దాకా రోజూ తినేదే తినాలండి. పప్పు, ఆకుకూర, చేప, పచ్చడి, ఏదీ మానకూడదు."

"అయితే పథ్యం ఏంటండి?" అంది లోవ.

"పథ్యం లేదండి."

"వంకాయో?"

"తినండి."

"గోంగూర?"

"తినండమ్మా."

"రొయ్యలూ?"

"మీకిష్టమైతే రెండు పూటలా తినండి."

లోవ నా మొహం చూసింది. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ పక్షం రోజుల మందు మనిషికి ఒక్కసారే. పౌర్ణమి తర్వాత ఒంట్లోని రక్తం ఈ నలుసుల్ని ఆనవాలు పట్టేస్తుంది, మళ్లీ ఇస్తే రానివ్వదు.

పడవ కదిలాక లోవ అంది, "పథ్యం లేని మందు కూడా మందేనా అక్కా?"

"రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు నీ పంట పండింది. నోరు మూసుకుని తిను" అన్నాను.

దాని అనుమానానికి ఒక కారణం ఉంది. చిన్నప్పుడు లోవకీ, వాళ్లక్కకీ ఒకేసారి పచ్చకామెర్లు వచ్చాయి. లోవ ఉత్తి అన్నం తిని బతికింది. వాళ్లక్క చాటుగా ఆవకాయ బద్ద తిని పోయిందని వాళ్లమ్మ చచ్చేదాకా చెప్పుకుని ఏడ్చేది. పథ్యం అంటే దానికి అంత గురి.

తదియ

పొద్దున్నే పోటు వచ్చింది. మోకులు వదులు చేసి, సూర్యపలకల మీద ఉప్పు తుడిచి, రాత్రి మంచు పట్టడానికి కట్టిన మంచుగుడ్డ పిండి మంచినీళ్లు పట్టేసరికి నా నడుం నడుంలా లేదు. మంచినీళ్ల దగ్గర నేను పిసినారినని లోవ ఊరంతా చాటింది. నిజమే. పిండేది నేను కదా, ఖర్చుపెట్టేది ఎవరైతేనేం.

ఇప్పుడు కొత్త పని ఒకటి వచ్చి పడింది. దొడ్డిగది కింద జల్లెడ కట్టి వెళ్లారు. లోవ ఒంట్లోంచి బయటికి వచ్చిన నలుసులు అందులో పడతాయి. అవి నీళ్లలో కలిస్తే చేపలు తింటాయి, ఆ చేపల్ని మనం తింటాం. రోజూ జల్లెడ కడిగి, అడుగున పట్టిన రంగు పెట్టెకు చెప్పాలి. నీలం అంటే తొడుగులు విచ్చుకుని మందు పనిచేసినట్టు. ఎరుపు అంటే మూసినవి మూసినట్టే బయటికి వచ్చేసినట్టు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెళ్లయిన నాటినుంచీ ఇది నాకు చేసిన అన్యాయాలన్నీ వరసగా తలుచుకుంటూ కడిగాను.

ఇవాళ నీలం. చిక్కని నీలం.

మధ్యాహ్నం లోవ అడిగింది, "అక్కా, పొయ్యి దగ్గర వాసనకి కడుపులో తిప్పుతోంది. నా పళ్లెం నా గదిలోకి ఇచ్చేత్తావా? తలుపేసుకుని నెమ్మదిగా తింటాను."

"మహారాణీగారికి గదిలోకి కూడా వడ్డించాలన్నమాట."

"నీ చేతి గోంగూర రొయ్యలు కదా, ఒక్కదాన్నే తింటే ఎవరూ వాటా అడగరు."

నాకు నవ్వొచ్చింది. పళ్లెం పట్టుకెళ్లి ఇచ్చాను.

సప్తమి

పళ్లెం కడిగినట్టు ఖాళీ అయి వస్తోంది. మెతుకు మిగలదు, కూర జాడ ఉండదు. ఇన్నేళ్లూ నా పులుసులో ఉప్పెక్కువైందనీ, చింతపండు తక్కువైందనీ సాధించిన మనిషి, ఇవాళ నా వంటకు వంక పెట్టడం లేదు. నాకు లోపల గొప్పగానే ఉంది. పెట్టే, ఇది కూడా రాసుకో.

జల్లెడ రంగు మాత్రం కాస్త మారింది. నీలంలోకి ఎరుపు తిరిగి వంకాయ రంగు వచ్చింది. నా కళ్లే సరిగా లేవేమో.

సాయంత్రం తెప్ప అంచున కూర్చోబెట్టి దాని తలకు నూనె రాశాను. జుట్టు పలచబడింది, చేతికి కుచ్చుకుచ్చులుగా వస్తోంది. దానికి కనబడకుండా నీళ్లలో వేశాను.

ఉన్నట్టుండి అంది, "నాకు చావాలని లేదక్కా."

"ఎవరు చావమన్నారే?"

"ఎవరూ అనలేదు. పిల్లలా జెల్లలా, నేను పోతే ఎవరికి నష్టం? అయినా ఉండాలనుంది. ఊరికే, ఎందుకో తెలీదు. పొద్దున్న లేచి ఆ సూర్యుణ్ణి చూసి, నీతో ఓ గంట పోట్లాడి, పడుకోవాలనుంది. అంతే."

దాని జడ గట్టిగా బిగించి అల్లాను. నొప్పెడుతోందని తిట్టింది.

ఏకాదశి

పెట్టే, విను. జల్లెడ నిండా ఎరుపు. నిన్నా ఎరుపే, మొన్నా ఎరుపే. వారం నుంచి గాలి విసురుగా ఉంది, వైద్యపడవ పాయ దాటి రాలేకపోతోంది. నువ్వేమో "పడవకు చేరుస్తాను" అని ఒకటే పాట పాడుతున్నావు. నిన్ను మోకుకి కట్టి నీళ్లలో ముంచేద్దామన్నంత కోపం వచ్చింది.

లోవ రోజూ అడుగుతుంది, "ఏ రంగక్కా?" అని.

"నీలమే" అంటున్నాను.

"చూశావా!" అంటుంది. దాని కళ్లలో ఒక మెరుపు వస్తుంది. బలం చాలడం లేదేమోనని ఇవాళ కందిపప్పు చిక్కగా వండాను, గుత్తొంకాయ చేశాను, రొయ్యలు రెట్టింపు వేశాను. పళ్లెం ఖాళీగానే వచ్చింది. ఇంత తిండి తింటూ మనిషి ఎలా చిక్కిపోతోందో దేవుడికే తెలియాలి.

పౌర్ణమి

గాలి తగ్గింది, వైద్యపడవ వచ్చింది. నన్ను ఒక్కదాన్నే పడవ మీదికి పిలిచారంటేనే నాకు అర్థమైంది.

ప్రవల్లిక నా చెయ్యి పట్టుకుంది. "తొడుగులు విచ్చుకోలేదండి. మొదటి నాలుగు రోజులే పనిచేసింది. తర్వాత మందంతా వచ్చింది వచ్చినట్టే పోయింది. జబ్బు కాలేయానికి పాకింది."

"ఇంకో విడత ఇవ్వండి."

"ఒళ్లు రానివ్వదండి. మొదటే చెప్పాను కదా."

"చెబితే చెప్పావు! బంగారం తాగించారు, బంగారం! నా పిల్లని బాగుచెయ్యడం చేతకాదా?"

నా పిల్ల అన్నాను. అనేశాక తెలిసింది.

ఆ అమ్మాయి నా కేకలన్నీ విని నెమ్మదిగా అడిగింది, "తిండేమైనా మార్చారా? ఆవిడ పేగులో పప్పులూ కూరలూ తిని బతికే జీవులు దాదాపు చచ్చిపోయాయి. ఉత్తి అన్నం తినే మనిషి పేగులా ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా చేత్తో వండాను, నా చేత్తో పెట్టాను. పళ్లెం చూస్తే తెలీదా తిన్నదో లేదో? నీ లెక్కలు తప్పయితే నా వంట మీద పెడతావా?" అని దులిపేసి, నాటుపడవ ఎక్కి వచ్చేశాను.

వస్తుంటే, లోవ గది కింద నీళ్లు కుతకుతలాడుతున్నాయి. కొయ్యంగ చేపలు ఒకదాని మీద ఒకటి పడి పొర్లుతున్నాయి. ఏంటా అని పడవను దగ్గరికి పోనిచ్చాను. ఎంగిలినీళ్లు పారబొయ్యడానికి ఆ గది నేలలో ఒక కన్నం ఉంది. అందులోంచి నేను పొద్దున్న వండిన గోంగూర రొయ్యలు ముద్దముద్దగా జారుతున్నాయి. తర్వాత వంకాయ, తర్వాత పప్పు. చేపలు పట్టుకుంటే చేతికి ఆగనంత బలిశాయి.

తెప్ప ఎక్కి, చప్పుడు కాకుండా తలుపు సందులోంచి చూశాను. లోవ గిన్నె అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. గోంగూర రొయ్యలంటే ప్రాణం ఇచ్చే మనిషి. కడదాకా వాసన పీల్చి, మిగిలింది కూడా కన్నంలోకి వంచేసింది. పళ్లెంలో ఉత్తి అన్నం ఉంది. దాంట్లో వాము నలిపి కలుపుకుంది. ఒక్కో ముద్ద కళ్లు మూసుకుని, దణ్ణం పెట్టుకుని మింగుతోంది.

బతకాలని ఇది పథ్యం ఉంది. నాకు చెబితే తిడతానని భయపడి దొంగతనంగా ఉంది. దీన్ని చంపుతోంది ఆ పథ్యమే. దేవుడా, ఎవరిని తిట్టను నేను?

డాక్టరమ్మా, ఈ మాటలు నీకు చేరుతున్నాయిగా. నిన్ను అన్న మాటలకు నన్ను క్షమించు తల్లీ. రేపు నువ్వొచ్చి మందు పనిచెయ్యలేదని చెప్పు. ఎందుకు చెయ్యలేదో మాత్రం చెప్పొద్దు. అది నేను చెబుతాను. నీకు దండం పెడతాను.

మాఘ బహుళ పాడ్యమి

ప్రవల్లిక వచ్చింది, చెప్పింది, లోవ కాళ్ల దగ్గర కాసేపు తల వంచుకు కూర్చుని వెళ్లిపోయింది. కారణం చెప్పలేదు. ఆ పిల్లకు నూరేళ్లు.

అప్పుడు లోవ నన్ను దగ్గరికి రమ్మంది.

"అక్కా, నీకో మాట చెబుతాను, చాకిరేవు పెట్టకు. నేను నువ్వు పెట్టినవేవీ తినలేదు. పథ్యం ఉన్నాను. ఉత్తి అన్నం, వాము. ఉప్పు కూడా కలుపుకోలేదు. ఒక్క రొయ్య కూడా నోట్లో పెట్టలేదు, ఒట్టు."

"ఊఁ" అన్నాను. ఇంకో మాట వస్తే ఏడ్చేసేదాన్ని.

"అంత నిష్ఠగా ఉన్నాను కదా, మరెందుకు పనిచెయ్యలేదు? నేనేమన్నా తప్పు చేశానా అక్కా?"

దాని మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. తప్పు చేశానా అని నన్ను అడుగుతోంది. చెల్లెలు పథ్యం ఉండి బతికింది, అక్క ఆవకాయ తిని పోయింది. దాని బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడింది. దాన్ని నేను ఎలా కూల్చను?

"నువ్వేం తప్పు చెయ్యలేదే. తప్పు నాది" అన్నాను. "మందు గిన్నె రోజూ మంచినీళ్లతో కడగమన్నారు. నీళ్లు పొదుపు చేద్దామని నేను సముద్రపు నీళ్లతో కడిగాను. ఉప్పు తగిలి తొడుగులు గట్టిపడిపోయాయంట. నీ పథ్యం బంగారమే. గిన్నెను నేను పాడుచేశాను."

వెంటనే నమ్మింది. నా పిసినారితనం దానికి తెలియనిదా.

నా మొహంలోకి అలా చూస్తూ ఉంది. తిట్టలేదు, అరవలేదు. పక్కకు తిరిగి పడుకుంది.

బహుళ అష్టమి

వారమైంది, నాతో మాట్లాడటం లేదు. ఒళ్లు తుడిస్తే తుడిపించుకుంటుంది. నీళ్లు తాగిస్తే తాగుతుంది. నా మొహం మాత్రం చూడదు.

ఇప్పుడున్న పిల్లి ఆనాటి పిల్లికి మనవరాలు. ఇవాళ దాన్ని పక్కలోకి లాక్కుని, "ఒసే, ఆవిడగారికి చెప్పవే, దాహమేత్తందని" అంది లోవ.

నేను మంచినీళ్లు తెచ్చాను, నిండా. "చెప్పవే, ఇవి మంచినీళ్లేనని" అన్నాను పిల్లితో.

అది ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కకు నెట్టేసింది. పొయ్యి దగ్గరికి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నిజం నా నాలుక చివర ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఇది మళ్లీ నాతో మాట్లాడుతుంది. మిగిలిన రోజులు పోట్లాడుకుంటూ గడుపుతాం. ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్లానో, అన్నిసార్లూ వెనక్కి వచ్చాను. నా చేతిలో చస్తున్నానని అది అనుకుంటే అనుకోనీ. తన చేతిలో చస్తున్నానని మాత్రం అనుకోకూడదు.

అమావాస్య

పొద్దున్న ఒళ్లు తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. ఎముకలే ఉన్నాయి ఆ చేతిలో.

"నిన్ను ఏమని తిట్టాలో తెలీక మాట్టాడలేదు. వెతికాను. సరిపడా తిట్టు దొరకలేదు" అంది.

"దొరికాక తిట్టు, నేనెక్కడికి పోతాను?"

"పోనీలే అక్కా. రోజూ పొద్దున్న ఆ గుడ్డ పిండేది నువ్వే. నీ చోట ఉంటే నేనూ సముద్రపు నీళ్లే వాడేదాన్నేమో. నిన్ను క్షమించేశాను, పో."

నేను బావురుమన్నాను. ఎందుకు ఏడుస్తున్నానో దానికి తెలియదు. నా తల నిమిరింది.

"ఒక్కటి మాత్రం చెయ్యి" అంది. "ఈ మందు ఇంకా ఎవరెవరికో ఇత్తారు కదా. వాళ్లకి చెప్పు, గిన్నె మంచినీళ్లతో కడుక్కోమని. డాక్టర్లేం చెప్పినా సరే, పథ్యం మానొద్దని చెప్పు. నన్ను చూడటానికొచ్చిన దిగువ తెప్ప వరహాలుకి నేనూ చెప్పాను. మాటియ్యి."

మాటిచ్చాను. ఏం చెయ్యను మరి.

ఫాల్గుణ శుద్ధ దశమి

లోవ విదియనాడు పోయింది. పోయే ముందురోజు కూడా నా పులుసు మీద ఏదో వంక పెట్టింది, వాసన చూసే. నీళ్లకు అప్పగించి వచ్చాం. ఈ తెప్ప ఇప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. నిన్న మోకు బిగిస్తూ, "ఒసేయ్, ఆ చివర పట్టుకో" అని అరిచాను. పిల్లి వచ్చింది.

పెట్టె తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేముందు ఇవాళ్టి సంగతి ఒకటి చెప్పాలి.

మధ్యాహ్నం దిగువ తెప్ప వరహాలు వచ్చింది. వాళ్లాయనకూ పేగులో ఇదే జబ్బు. నిన్ననే మందు మొదలుపెట్టారట. మొహం నిండా ఆశతో వచ్చింది.

"పిన్నీ, లోవపిన్ని ఏమేం పథ్యం చేసిందో కాస్త చెప్పండి. డాక్టరమ్మ అన్నీ తినమంటోంది గానీ నాకు మనసొప్పలేదు. లోవపిన్ని చెప్పినట్టే నిన్నటినుంచీ ఆయనకి ఉత్తి అన్నమే పెడతన్నాను. పప్పు కూడా ఆపేశాను."

గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను.

"అలా చెయ్యకే. అన్నీ పెట్టు. ఇప్పుడే వెళ్లి పప్పు వండి పెట్టు" అన్నాను.

"అదేంటి పిన్నీ! మందు తింటూ పథ్యం లేకపోతే ఎలాగ? మీ గిన్నె ఉప్పుదేలింది కాబట్టి మందు పనిచెయ్యలేదు గానీ, పథ్యం వల్ల కాదు కదా?"

ఊరంతా తెలుసన్నమాట నా గిన్నె సంగతి. డాక్టరమ్మ మాట వినదు, నా మాట వినదు. నిజం మొత్తం చెబితే తప్ప ఇది వినదు. చెప్పకపోతే వాళ్లాయన పోతాడు.

"ఉండు" అని లేచాను. వెళ్లి లోవ గది తలుపు వేశాను. లోపల ఎవరూ లేరు. అయినా గడియ కూడా పెట్టి వచ్చాను.

వచ్చి వరహాలు పక్కన కూర్చుని, గొంతు తగ్గించి మొత్తం చెప్పాను. కన్నం, కొయ్యంగలు, వాము అన్నం, అన్నీ. గిన్నె నేను మంచినీళ్లతోనే కడిగానని కూడా చెప్పాను.

వరహాలు నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో అయ్యో! అయితే చేజేతులా తన ప్రాణం తనే తీసుకుందన్నమాట!" అంది, గట్టిగా.

ఆ ఒక్క మాట లోవ చెవిన పడకూడదనే కదా, ఇన్నాళ్లూ దాని క్షమను మింగి కూర్చున్నాను. "మెల్లిగా మాట్లాడవే" అన్నాను వరహాలుతో, తలుపు వైపు చూస్తూ.